మాది కాదన్న కుక్క

ఆళ్లగడ్డ బజారులో భాస్కరయ్య సెట్టి బట్టల అంగడి తెలియని వాళ్లు ఆ రోజుల్లో లేరు. డెబ్బైల చివర్లో చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి కుదిరితే, ముందు పురోహితుడి దగ్గరికి, ఆ తర్వాత ఈయన దగ్గరికి వచ్చేవాళ్లు. గుడ్డ కొలిచేటప్పుడు ఆయన బొటనవేలు పిసరంత ముందుకు జరగదు, వెనక్కీ జరగదు. ఆ మాట ఆయనంటే గిట్టనివాళ్లు కూడా ఒప్పుకునేవారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ కొలబద్దను ఆయన మనుషుల మీద కూడా పెట్టేవాడు. ఎవరింట్లో మడి సరిగ్గా లేదు, ఎవరి తద్దినంలో నువ్వులు తక్కువ పడ్డాయి, అన్నీ ఆయనకే కావాలి.

ఒకసారి నూనె మిల్లు మాధవయ్య ఇంట్లో తద్దినం జరుగుతుంటే పెరటి గోడ మీదుగా ఒక వీధి కుక్క తొంగి చూసింది. చుట్టరికం కొద్దీ పిలుపు మీద వెళ్లిన భాస్కరయ్య ఉన్నపళంగా లేచి నిలబడ్డాడు. "కుక్క సూసిన పిండం పెద్దలకు చేరుతుందా మాధవయ్యా? ఇంగ నేను ఈడ కూచోను" అని అందరి ముందరా అనేసి, ఉత్తరీయం దులుపుకొని వచ్చేశాడు. పాపం మాధవయ్య వంటంతా పారబోసి మళ్లీ చేయించుకున్నాడు. పైకి నవ్వాడు గానీ, ఆ రోజును మాత్రం మనసులో భద్రంగా దాచుకున్నాడు.

అలాంటి మనిషి ఒక కుక్క మాయలో పడ్డాడు. నవ్వు రావడం లేదూ? నాకైతే మొదట్లో చాలా నవ్వొచ్చింది. తర్వాత జరిగింది తెలిశాక ఆ నవ్వు పోయింది.

ఒక వానాకాలం, అంగడిని ఆనుకునే ఉన్న ఇంటి వెనక గోడౌనులో బట్టల బేళ్ల సందున నల్లటి కుక్కపిల్ల ఒకటి వణుకుతూ దొరికింది. బయట పడేయించాలనే లోపలికి వెళ్లాడు. ఏమైందో ఏమో, పడేయలేదు. దానికి కరిగాడు అని పేరు కూడా పెట్టాడు. తల్లి వాసవాంబ నిప్పులు కడిగే మనిషి. కుక్క నీడ పడితే స్నానం. అందుకని లెక్కకు అది ఎవరి కుక్కా కాదు. నలుగురి ముందర "పో, పో" అని కర్ర చూపించేవాడు. మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక గోడౌను తలుపు దగ్గరగా వేసుకొని, పెరుగన్నం ముద్దలు చేసి పెట్టేవాడు. చెవుల వెనక గోకేవాడు. పెళ్లాంతో కూడా ఆయన అంత మెత్తగా మాట్లాడి ఎరగడు.

కరిగాడికి ఇంకో దిక్కు మణెమ్మ. చర్చి వెనక వీధిలో ఉండేది. మొగుడు పోయాక అంగడి ముందు ఊడ్చి, కళ్లాపి చల్లి, వచ్చేపోయేవాళ్ల కోసం తొట్టిలో నీళ్లు నింపే పని చేసుకుంటూ ఉండేది. ఆదివారం ప్రార్థన ముగిశాక ఆమె ఇంట్లో మాంసం వండితే బొక్కలు కరిగాడివే. సోమవారం పొద్దున దాని మూతి వాసన చూసి భాస్కరయ్యకు సంగతి తెలిసేది. తెలియనట్టు ఊరుకునేవాడు.

ఒకరోజు కరిగాడు ఎలుక వెంటబడి బేళ్ల మీది నుంచి కింద పడింది. మరునాటికి నడుం విల్లులా వంచుకొని, అడుగు తీసి అడుగు వేయలేక కుయ్యోమంది. వీపు మీద చెయ్యి వేస్తే అరిచేది. ఆళ్లగడ్డలోనూ పశువుల డాక్టరు ఉన్నాడు. కానీ ఆయన దగ్గరికి వెళ్తే ఊరంతా చూస్తుంది, మాధవయ్యా చూస్తాడు. అందుకని సరుకుకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, కుక్కను పెద్ద వెదురు గంపలో పెట్టి, పైన దుప్పటి కప్పి, శనక్కాయల లారీలో నంద్యాల తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు ఇమ్మానుయేలు నెమ్మదైన మనిషి. కుక్క వెన్ను పొడుగునా వేళ్లతో నొక్కి చూశాడు. కాళ్లు వంచి చూశాడు. ఎముక ఏదీ విరగలేదనీ, వెన్ను పక్కన కండలు గట్టిగా పట్టేశాయనీ చెప్పాడు. తర్వాత సెట్టిని కుక్కను ఎత్తుకొని కాటా మీద నిలబడమన్నాడు. కుక్కను దించేసి మళ్లీ ఒక్కడినే నిలబడమన్నాడు.

"కొలవకుండా ఈ మందు ఇయ్యకూడదు సెట్టీ. కండలు సడలేదానికి ఇస్తాండాం. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. ఒక పూట మరిసిపోతే, ఇంకో పూటకు రెండు ఇయ్యొద్దు."

"అట్లే సార్."

"ఇది నిద్ర మాత్ర కాదు. కానీ మత్తు ఉంటాది. నోట్లో నుంచి చొంగ కారచ్చు, కాళ్లు తడబడచ్చు, ఉచ్చ నల్లగా రావచ్చు. భయపడొద్దు. మరీ తూలితే, లేవలేకపోతే మాత్రం ఇచ్చేది ఆపి నాకాడికి పట్టుకొని రా. ఇంట్లో కట్టేసి పెట్టు. మెట్లెక్కనీయొద్దు, వీధిలోకి వదలొద్దు. వేరే మత్తు మందు ఏదీ దీంతో కలపొద్దు."

"మా అంగడిలో పిల్లి గూడా ఉంది సార్. దానికేమన్నా అయితే ఇదే సగం ఇయ్యచ్చా?"

డాక్టరు చెయ్యి అడ్డంగా ఊపాడు. "పిల్లి అంటే చిన్న కుక్క కాదు. దాని కొలత వేరే, తీసుకొస్తే సూసి చెప్తా. ఇంకో మాట. మందుల అంగడిలో నడుం నొప్పికి మనుషులకు ఇచ్చే మాత్రలు ఉంటాయి. కొన్నిట్లో జ్వరం మందు కలిపి ఉంటాది. అది పిల్లికి విషమే. కుక్కకూ నువ్వు సొంతంగా కొనిచ్చే పని పెట్టుకోవద్దు." సెట్టి మందు తీసుకొని గంప ఎత్తుకుంటుంటే ఆయన మళ్లీ పిలిచాడు. "ఇంట్లోవాళ్లకు, అంగడి కాడ ఉండేవాళ్లకు ముందే చెప్పు. లేకుంటే ఆ చొంగ సూసి పిచ్చి పట్టిందనుకుంటారు."

అన్నీ విన్నాడు. అన్నీ పాటించాడు. ఆ ఆఖరి మాట తప్ప. ఎవరికి చెప్పాలి? ఎట్లా చెప్పాలి? భాస్కరయ్య సెట్టి లారీ ఎక్కి కుక్కకు వైద్యం చేయించుకొని వచ్చాడంటే బజారు ఎన్నాళ్లు నవ్వుకుంటుందో ఆయనకు తెలుసు. ఇన్నాళ్లూ అలా నవ్వించింది ఆయనే కదా. మణెమ్మకైనా చెప్పి ఉండొచ్చు. ఆమె నవ్వేది కాదు, సంతోషపడేది. ఆమెతో కూడా ఏమీ అనలేదు.

మందు బాగా పనిచేసింది. కరిగాడు నడుం సాగదీసి పడుకోవడం మొదలుపెట్టింది. కొంచెం చొంగ, కొంచెం మత్తు, అంతే. ఆ వారంలోనే భాస్కరయ్య నాయన తద్దినం వచ్చింది.

చుట్టాలకు పిలుపులు వెళ్లాయి. మాధవయ్యకూ వెళ్లింది, వెళ్లక తప్పదు. గోడౌనుకూ పెరటికీ మధ్య ఒక్క గోడే. లోపల కుక్క మూలిగితే చాలు, మాధవయ్య విస్తరి ముందు నుంచి లేచి నిలబడతాడు. తెల్లవారుజామున స్నానానికి ముందు సెట్టి గోడౌనులోకి వెళ్లాడు. పెరుగన్నంలో ఒక మాత్ర చిదిమాడు. ఆగాడు. ఇంకో రెండు కూడా చిదిమాడు. మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకుంటుంది, తాడు కూడా అక్కర్లేదు, ఎవరికీ తెలియదు, ఏమైపోతుంది అనుకున్నాడు. డాక్టరు మాటలు గుర్తు లేక కాదు. గుర్తున్నాయి. నాకు కోపం వచ్చేది అందుకే. నోరులేని ప్రాణి వెన్నునొప్పికి తెచ్చిన మందును తన పరువు కాపాడుకోవడానికి వాడుకున్నాడు.

పొద్దెక్కింది. సెట్టి తడి పంచెతో, వేలికి దర్భ ఉంగరంతో పీట మీద కూర్చున్నాడు. పురోహితుడు మంత్రాలు మొదలుపెట్టాడు. విస్తరాకుల కట్ట తక్కువ పడిందని వాసవాంబ గోడౌను తలుపు తీసింది. లోపల మూలన నల్లటిది ఏదో కదిలింది. ముసలమ్మ కేక పెట్టి, కర్ర అందుకొని, వీధి వైపు తలుపు తీసి దాన్ని బయటికి తోలేసింది. మళ్లీ స్నానానికి బావి దగ్గరికి పోతూ "పాడు కుక్క, ఈ పొద్దే దొరికిందా దీనికి" అని తిట్టుకుంటూ పోయింది. ఆ తిట్లు సెట్టి చెవిన పడ్డాయి. చేతిలో నువ్వులు అలాగే ఉండిపోయాయి. లేచి పోతే ఏమవుతుంది? అందరూ చూస్తారు. లేవలేదు.

బయట కరిగాడికి వెనక కాళ్లు నిలబడటం లేదు. రెండడుగులు వేస్తుంది, పక్కకు ఒరుగుతుంది, మళ్లీ లేస్తుంది. నోటి నుంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. కళ్లు సగం మూతపడ్డాయి. బజారులో ఎంతమంది ఉన్నా, అది తూలుకుంటూ మణెమ్మ దగ్గరికే పోయింది. ఆమె అంగడి ముందు వంగి ఊడుస్తోంది. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి ఎడమ చేతికి పచ్చి గాయం ఉంది. కుక్క ఎప్పటిలాగే ఆ చేతిలో మూతి పెట్టి నాకింది. మణెమ్మ తల తిప్పి చూసి, ఆ చొంగ, ఆ కళ్లు కనబడేసరికి వెనక్కి పడిపోయింది.

"పిచ్చికుక్కరో! రాండప్పా, పిచ్చికుక్క!"

ఆ నెలలోనే దగ్గరి పల్లెలో పిచ్చికుక్క కరిచి ఒక రైతు నీళ్లు చూసి భయపడుతూ చచ్చిపోయాడని బజారంతా చెప్పుకుంటున్నారు. ఇక ఆగుతారా? అంగళ్లలోంచి కర్రలతో, మీటరు బద్దలతో, పారలతో దిగారు. రాళ్లు పడ్డాయి. అది గోడౌనులోకి దూరడం చూస్తుండే టీ అంగడి యోహాను ఒక్కడే అందరికీ చేతులు అడ్డం పెట్టాడు. "ఉండండప్పా. ఇది సెట్టి గోడౌనులో ఉండే కుక్క గదా. ఒక మాట అడిగొస్తా" అని పరుగున వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"సెట్టప్పా! కరిగాడు మీదేనా? పిచ్చి పట్టినట్టు తూలతాండాది. చొంగ కారతాండాది. కొట్టేయమంటావా, కట్టేసి సూద్దామా?"

పురోహితుడు మంత్రం ఆపాడు. చుట్టాలందరూ సెట్టి వైపు చూశారు. మాధవయ్య ఒక్కడు మాత్రం విస్తరి వైపు చూస్తూ మీసం కింద సన్నగా నవ్వుకున్నాడు. చెప్పాల్సింది ఒక్క మాట. నేనే దానికి మందు ఇచ్చినా, కట్టేయండి. అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చిందో లేదో ఆయనకే తెలియాలి.

"మాకు కుక్క యాడిదప్పా? అది మాది కాదు. వీధి కుక్క" అన్నాడు భాస్కరయ్య.

యోహాను వెళ్లిపోయాడు. పురోహితుడు దక్షిణం వైపు తిరగమన్నాడు, సెట్టి తిరిగాడు. బయట దెబ్బలు వినబడ్డాయి. కుక్క అరవలేదు. అరిచేంత తెలివి కూడా దానికి లేకుండా చేసింది ఆయనే. తద్దినం లోపం లేకుండా జరిగింది. మాధవయ్య తృప్తిగా భోంచేసి వెళ్లాడు.

కుక్కను ఊరి బయటికి ఈడ్చుకుపోయి కిరసనాయిలు పోసి కాల్చేశారు. మణెమ్మను నంద్యాల ఆస్పత్రికి పంపారు. పచ్చి గాయం మీద చొంగ పడింది గనుక సూదులు వేయించుకోక తప్పదన్నారు. ఆ సూదులంటే ఆ రోజుల్లో మగవాళ్లకే గుండె జారేది. బొడ్డు చుట్టూ, రోజుకొకటి, ఒక్క రోజూ తప్పకుండా. పొద్దున బస్సులో వెళ్లి, సూది వేయించుకొని, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని అంగడి మెట్ల మీద కాసేపు కూర్చొని, లేచి తొట్టిలో నీళ్లు నింపేది.

భాస్కరయ్య ఆమె బస్సు చార్జీలు తానే పెట్టుకున్నాడు. సూదులు అయ్యేదాకా పని మానేయమన్నాడు, ఆమె మానలేదు. ఇంట్లోంచి మజ్జిగ పంపించాడు. బజారులో ఆ కబురు పాకింది. ఏదో వీధి కుక్క నాకితే, పనిమనిషి కోసం ఇంత చేస్తున్నాడు, పెద్ద మనసంటే సెట్టిదే అన్నారు. మాధవయ్య కూడా అంగడికి వచ్చి మెచ్చుకొని పోయాడు. ఒక్కో మెప్పుకూ సెట్టి తల కొంచెం కొంచెం కిందికి దిగేది. అది వినయం అనుకున్నారు జనం. ఆయనకు సిగ్గుతో ఒళ్లు కాలిపోతోంది. పెరుగన్నం కలుపుకుంటే వేళ్లకు మాత్రల పొడి తగిలినట్టయి, విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు.

"బాగా నొప్పా మణెమ్మా?" అని ఒకరోజు అడిగాడు.

"నొప్పి గాదప్పా, నిప్పు. కడుపంతా గడ్డలు గడ్డలు. రేత్రి జరం గూడా వస్తాండాది" అంది ఆమె. "నీ దయ సెట్టప్పా, బస్సులో పోతాండా. లేకుంటే ఏం చేసుందునో."

ఆ దయ అన్న మాటకు ఆయన తట్టుకోలేకపోయాడు. మరునాడే నంద్యాల వెళ్లి ఇమ్మానుయేలు డాక్టరు ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మూడు మాత్రలు ఒకేసారి పెట్టిన సంగతి, గడప దగ్గర తానన్న మాట, అంతా చెప్పాడు. తన వల్ల మణెమ్మకు పడుతున్న సూదులను ఎట్లాగైనా ఆపించమని చేతులు జోడించాడు.

"నిద్ర మాత్ర కాదని నీకు చెప్పినా గదా సెట్టీ."

"చెప్పినారు సార్."

"ఆ చొంగ, ఆ తూలడం మందు వల్లే అయ్యుంటాది. నేను నమ్ముతా. కానీ సూదులు ఆపమని నేను చెప్పలేను. ఏ డాక్టరూ చెప్పడు. అది వీధిలో తిరిగిన కుక్క. ఆ రోజు కట్టేసి పెట్టి, పది దినాలు సూసుంటే, అది బాగుంటే, అప్పుడు ఆపచ్చు. ఇప్పుడు కుక్క యాడుంది? కాల్చేసినారు. తల గూడా మిగల్లేదు పరీక్షకు పంపేదానికి. ఒక్క పిసరు అనుమానం ఉన్నా ఆమె ప్రాణంతో ఆడుకోలేం."

"నేను ప్రమాణం చేస్తా సార్. రాసిస్తా."

"నీ ప్రమాణం ఆమె ఒంట్లో మందు చేస్తాదా? ఆ పొద్దు గడప కాడ అడిగినప్పుడు పనికొచ్చుండేది నీ మాట. పో. ఆమెను ఒక్క సూదీ తప్పనీయొద్దు."

తిరుగు బస్సులో ఆడవాళ్ల సీట్లో మణెమ్మ కూర్చొని ఉంది. ఆయన వెనక సీటులో కూర్చున్నాడు. ఆమె చూడలేదు. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో కడుపు అదిమిపట్టుకుంటోంది. ఆళ్లగడ్డ దాకా ఆ వీపును చూస్తూనే వచ్చాడు. బస్సు దిగి ఆమె తన వీధి వైపు నడిస్తే, వెనకే నడిచాడు. ఆ వీధిలోకి ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదు. వాకిళ్లలో ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. మణెమ్మ ఇంటి ముందు ఆగాడు. ఆమె గాబరాపడి నులక మంచం వాల్చింది. ఆయన మంచం అంచున కూర్చొని, వాకిళ్లలోని ఆడవాళ్లు లోపలికి పోయేదాకా ఆగి చెప్పాడు. ఈసారి కూడా ఏదీ దాచలేదు. డాక్టరు అన్న మాట, సూదులు ఇంక ఆగవన్న మాట కూడా చెప్పాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్టించుకోవడానికే వచ్చాడు. మణెమ్మ తన ఎడమ చేతిని చూసుకుంటూ ఉండిపోయింది. గాయం ఎప్పుడో మానిపోయింది.

"అయితే దానికి పిచ్చి లేదా?"

"లేదు మణెమ్మా."

"అందరినీ దాటుకొని నా కాడికే వచ్చింది సెట్టప్పా. కాళ్లు నిలబడకున్యా వచ్చింది. ఒంట్లో బాగలేదని చెప్పుకునేదానికి వచ్చినట్టుండాది. నేనే అరిసినా. మొదటి రాయి గూడా నేనే ఏసినా. సూది పొడిసినప్పుడంతా ఒకటే అనుకుంటాండా. అది పిచ్చిది గాబట్టి సరిపాయ, లేకుంటే ఎంత పాపం చేసుందును అని. ఆ మాట పట్టుకోనే పోయి వస్తాండా."

"పాపం నాది. నీది గాదు. రేపు బజారులో అందరి ముందరా చెప్తా. మాధవయ్యకు గూడా చెప్తా. ఉమిస్తే ఉమియనీ" అన్నాడు సెట్టి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాటలు పైకి అనేసరికి తద్దినం నాటి నుంచీ లేని తేలిక ఒకటి ఆయనకు కలిగింది.

"వద్దు" అంది మణెమ్మ.

"చెప్పల్ల మణెమ్మా. చెప్పకుంటే నేను బతకలేను."

"చెప్తే నీ బరువు దిగుతాది. నాది యాడ దించుకునేది? పిలకాయలంతా వచ్చి అడుగుతారు, ఏం మణెమ్మా, బాగుండే కుక్కనే రాళ్లేసి కొట్టించినావంటనే అని. ఇంగా సూదులుండాయప్పా నాకు. ఏం అనుకోని పొడిపించుకోవల్ల?" ఆమె లేచి నిలబడింది. "నువ్వు ఎవరికీ చెప్పొద్దు. అది పిచ్చిదే. ఎవరన్నా అడిగితే పిచ్చిదే అని చెప్పు."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. సెట్టి కొంతసేపు ఆ మంచం మీదే కూర్చొని, లేచి అంగడికి వచ్చాడు. మణెమ్మ ఎట్లా ఉందని యోహాను అడిగాడు. పాపం ఆ కుక్కకు నిజంగానే పిచ్చి పట్టి ఉంటుందా సెట్టప్పా, నాకు ఇంకా అనుమానంగానే ఉందని కూడా అన్నాడు.

"పిచ్చిదేనప్పా" అన్నాడు భాస్కరయ్య.